దిల్‌ఖుష్ బాగ్ దర్శన భాగ్యం

ప్రజలకు తెలియజేయడమేమనగా, పటాన్‌చెరు నుంచి కర్దనూరు పోయే దారిలో ఉన్న చారిత్రక ఉద్యానం దిల్‌ఖుష్ బాగ్, పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది జనవరి ఎనిమిదో తేదీ ఆదివారం ఉదయం పది గంటలకు ప్రత్యేక సందర్శన నిమిత్తం తెరవబడును. వివరణకర్త వెంట నడక, పుష్ప ప్రదర్శన, తేనీటి విందు కలవు. సందర్శకులు చెట్లను ముట్టుకోరాదు. ముట్టుకున్నచో రంగు అంటుకొనును.

ఈ ప్రకటనను గేటుకు అంటిస్తున్నప్పుడు, ఆ గేటు తాళంచెవిని నలభై ఏళ్లుగా మొలకు కట్టుకుని తిరుగుతున్న మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ తోట మాలీ, పేరు గులాం రసూల్. ఉర్దూ చదవగలడు గానీ తెలుగు అక్షరాలు రావు. అందుకని, దారిన పోతున్న నీళ్ల ట్యాంకరును ఆపి, దాన్ని నడిపే కర్దనూరు యాదన్న చేత చదివించుకున్నాడు.

"చాచా, మీ తోట సూడనీకి పెద్ద పెద్దోళ్లు వస్తున్నరంట. నూటయాభై మందంట," అన్నాడు యాదన్న.

"నిజంగ వస్తరా?" అని గులాం రసూల్ రెండుసార్లు అడిగాడు. నిజమేనని రూఢి అయ్యాక ఇంట్లోకి పరుగెత్తి భార్య సకీనాకు చెప్పాడు. రెండేళ్లుగా ఒక్క మనిషి వచ్చి తన బావిలోకి తొంగి చూస్తే చాలునని అతడు ఎక్కని గుమ్మం లేదు, మొక్కని కాళ్లు లేవు. అల్లా తలచుకుంటే ఒకరికి బదులు నూటయాభై మందిని పంపుతాడు.

ఆ తోటను నాలుగు తరాల కిందట నవాబు దిలావర్ యార్ అనే ఆయన వేయించాడు. వేసవిలో మామిడిపళ్లు తినడం తప్ప ఆయన మరే ఘనకార్యమూ చేసినట్టు ఎవరికీ తెలియదు. ముని మనవడు షంషేర్ సాబ్ నగరంలో ఉంటాడు, ఏడాదికొకసారి అదే సంప్రదాయాన్ని కొనసాగించడానికి వస్తాడు. మాలీకి జీతం లేదు. మల్లెలు, జామకాయలు అమ్ముకుని బతకాలి. సకీనా మూర మల్లెలు కట్టి పటాన్‌చెరు అంగడిలో అమ్మేది. వీటన్నిటికీ నీళ్లిచ్చేది తోట నడుమనున్న మెట్ల బావి. ఎండాకాలంలో కూడా పది మెట్లు దిగితే నీళ్లు అందేవి.

ఇట్లా ఉండగా తోటకు ఎగువన ఒక కర్మాగారం వెలిసింది. దాని పేరుతో మనకు పని లేదు. గాలి ఇటు మళ్లినప్పుడు అదే తెలుస్తుంది. దాని వెనక గోడ కింది నుంచి ఒక మురికి కాలువ, మోరీ, బయలుదేరింది. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నారు పెద్దలు. ఆ మోరీ నీరు పల్లమెరిగి తిన్నగా బావిలోకి వచ్చి చేరింది. నిజం సంగతి కర్మాగారంలో అడగబోతే, ఆ విభాగం తమది కాదన్నారు.

మొదటి ఏడు మల్లెలు పోయాయి. రెండో ఏడు జామ పోయింది, మామిడి ఆకుల అంచులు మాడాయి. మిగిలిందల్లా బావి ఒడ్డున ఉన్న సంపెంగ. గులాం రసూల్ తండ్రి పెళ్లినాడు నాటిన చెట్టది. దాని కింద తండ్రి కొడుకుకు కొడవలి పట్టడం నేర్పాడు. ఇప్పుడది ఒక్కో కొమ్మే ఎండుతూ వస్తోంది. తల్లి మంచాన పడితే కొడుకు ఎట్లా చూస్తాడో, గులాం రసూల్ రోజూ పొద్దున్నే లేచి ఆ చెట్టు వంక అట్లా చూసేవాడు.

అతడు కర్మాగారానికి మూడు అర్జీలు పెట్టుకున్నాడు. మొదటి దానికి వచ్చిన జవాబు: "మా గోడ లోపలి నీటికి మాత్రమే మేము బాధ్యులము. గోడ దాటిన నీరు స్వతంత్రము." రెండో దానికి: "మీ అర్జీలో ఉద్యోగి నంబరు లేనందున పరిశీలనకు నోచుకోలేదు." మూడో దానికి గులాం రసూల్ సాక్ష్యం జతచేశాడు. సకీనా ఆ బావి నీళ్లు పట్టిపెట్టిన సత్తు బిందె అడుగున నెల తిరక్కుండానే ఇరవై ముప్ఫై చిల్లులు పడ్డాయి. దాన్ని భుజాన పెట్టుకుని వెళ్లి సంక్షేమాధికారి చలపతిరావు గారి బల్ల మీద పెట్టాడు.

చలపతిరావు గారు ధర్మాత్ముడు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆయన ఇంతవరకు ఎవరి అర్జీనీ కాదనలేదు, ఎవరి పనీ చేయలేదు. బిందెను తిప్పి చూసి, రిజిస్టరులో "జతపరచినవి: బిందె ఒకటి, చిల్లులతో" అని రాయించి, రసీదు ఇప్పించారు.

ఆ రసీదు చూసి సకీనా మండిపడింది. "కాగితమిచ్చి బిందె గుంజుకున్నరా? ఇగ నీళ్లు దేంట్ల తేవాలె? గీ కాగితంలనా?"

"జెర ఆగు బీవీ. బిందె ఆఫీసుల ఉన్నదంటే మన ముకద్దమా, మన కేసు, ఆఫీసుల ఉన్నట్టే," అని గులాం రసూల్ ఆమెను ఓదార్చాడు. ఆ మాట అతడు నమ్మాడు కూడా.

ఇక ఉద్యానోత్సవం సంగతి. కర్మాగారం జనరల్ మేనేజరు గారి సతీమణి కమలాకుమారి గారు రాజమండ్రి ఆడపడుచు. దేశం కోసం ఏదైనా చేయాలన్న తపన మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆమెను బాగా వేధించేది. ఒకనాడు ఒక ఇంగ్లీషు పత్రికలో, ఇంగ్లండు ప్రభువులు తమ పాత తోటలను జనానికి తిప్పి చూపిస్తారని చదివి ఆమెకు నిద్ర పట్టలేదు. చుట్టుపక్కల ఇన్ని కర్మాగారాలుండి, ఒక్క చరిత్ర అయినా లేకపోవడం ఎంత సిగ్గుచేటు! వెంటనే "ఉద్యాన వైభవ సమితి" ఏర్పడింది. ఆమె అధ్యక్షురాలు. అధికారుల భార్యలందరూ, తమ భర్తల హోదా వరసలో, సభ్యురాళ్లు. కార్యదర్శిగా చలపతిరావు గారిని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఆయన ఆ రోజు సెలవులో ఉన్నారు.

ముందు ప్రకటన అంటించి, తరువాత తోట చూడటానికి వచ్చారు. పద్ధతి ప్రకారం నడిచే సంస్థల్లో ఇదే వరస. చెట్లకు రంగు ఉంటుందని ముందే ఎట్లా తెలిసిందని సందేహం రావచ్చు. ఆ కర్మాగారానికి ఎవరు వస్తున్నా కదలని ప్రతి వస్తువుకూ రంగు వేయడం ఆచారం. కిందటేడు ఒక పెద్దాయన వచ్చినప్పుడు, నిద్రపోతున్న కాపలావాడి బూట్లకు కూడా సున్నం పడింది.

గులాం రసూల్ వాళ్లను ఎటూ పోనీయకుండా నేరుగా బావి దగ్గరికి తీసుకుపోయాడు. కమలాకుమారి గారు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఇదేం వాసనండీ చలపతిరావుగారూ?"

"చరిత్ర వాసనండి మేడమ్. పాత కట్టడాల్లో సహజంగా ఉంటుందండి."

"కాదు సాబ్," అన్నాడు గులాం రసూల్. "మీ ఫ్యాక్టరీ మోరీ..."

చలపతిరావు గారు అతణ్ణి పక్కకు తీసుకుపోయి భుజం మీద చెయ్యి వేశారు. "చూడు రసూల్, ఆ విషయం ఆఫీసులో ఉంది. ఇక్కడ ఎత్తకూడదు. ఉత్సవానికి కంపెనీ డైరెక్టరుగారే స్వయంగా వస్తున్నారు. ఆయన్ని ఈ బావి దగ్గరే నిలబెడతాను. నీ నోటితో నువ్వే చెప్పుకుందువు గాని. సరేనా? అప్పటిదాకా తోట బాగుచేసే పని చూడు."

ఆ మాటతో గులాం రసూల్‌కు పదేళ్ల వయసు తగ్గింది. ఆ మూడు వారాలు అతడు పనిచేసినట్టు ఆ కర్మాగారంలో ఎవరూ ఎన్నడూ పనిచేయలేదు.

తోట బాగుపడింది. ఎండిన మామిడి మొదళ్లకు అడుగున ఎర్రటి జాజు, పైన సున్నం పూశారు. మాడిన ఆకులకు పెయింట్ షాపు నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు పచ్చరంగు చల్లారు. యంత్రాలకు వేలాడదీసే రేకు బిళ్లలే చెట్లకూ వేలాడదీశారు. ఒక్కో బిళ్ల మీద చెట్టు నంబరు, స్థాపించిన తేదీ, స్థితి అని మూడు గడులు. మామిడి చెట్లన్నిటికీ స్థితి గడిలో "పనిచేయుచున్నది" అని రాశారు. సంపెంగ ఒక్కదానికే "మరమ్మతులో ఉన్నది" అని పడింది. ఎండుకొమ్మలు విరిగి పడే ప్రమాదం ఉందని భద్రతా విభాగం అభ్యంతరం చెప్పింది. కొమ్మలు ఎందుకు ఎండాయన్నది ఆ విభాగం పరిధిలోకి రాదు కనుక, సందర్శకులందరికీ ఇనుప టోపీలు మంజూరు చేశారు.

పువ్వులు నగరంలోని నర్సరీ నుంచి కిరాయికి వచ్చాయి. నాలుగు వందల కుండీలు. కుండీ కనబడకుండా భూమిలో పాతిపెట్టాలి, సోమవారం పొద్దున పెకిలించి తిరిగి పంపాలి. వాటి కోసం యాదన్న ట్యాంకరులో మంజీరా నీళ్లు తెచ్చాడు.

"యాదన్నా, ఒక్క రెండు బకెట్లు నా సంపెంగకు పొయ్యి బిడ్డా," అని అడిగాడు గులాం రసూల్.

"నీళ్లు కుండీలకేనంట చాచా. లిస్టుల సంపెంగ లేదు. పోస్తే నా బండి బంద్ చేస్తరు." యాదన్న కాసేపు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేను బీడీ తాగి వస్త. గొట్టం జెర కారుతది. కారినయి ఎవడు సూస్తడు?"

యాదన్న బీడీ తాగి వచ్చేలోపు గొట్టం రెండు బకెట్లు కారింది. మొదటి రోజు నీళ్లు ఇంకుతుంటే గులాం రసూల్ అక్కడే గొంతుక్కూర్చుని, మట్టి మీద చెయ్యి పెట్టి ఉండిపోయాడు. తరువాత రోజూ యాదన్నకు బీడీ తాగబుద్ధయ్యేది. ఉత్సవం నాటికి సంపెంగ ఒక కొమ్మకు రెండు చిగుళ్లు పెట్టింది. అవి రంగు వేసిన ఆకులంత పచ్చగా లేవని చలపతిరావు గారు గమనించారు గానీ, పెద్దమనసుతో ఊరుకున్నారు.

ఆదివారం పది గంటలకు కర్మాగారం సైరన్ మోగింది. ఇనుప టోపీలు పెట్టుకుని, మెడలో దండలు వేసుకుని నూటయాభై మంది ఇద్దరేసి చొప్పున లోపలికి వచ్చారు. ముందు డైరెక్టరు వెంకటేశ్వరరావు గారు. ఆయన పక్కన కమలాకుమారి గారు. ఆమె టోపీకి మల్లెపూలు చుట్టించుకున్నారు. చలపతిరావు గారు చేతిలో కరపుస్తకం పట్టుకుని వివరిస్తూ నడిచారు. ఆ పుస్తకం ఆయనే రాశారు. అందులో దిలావర్ యార్ మామిడిపళ్లు తినడం మానేసి మూడు యుద్ధాలు చేశాడు, ఒక బేగం కోసం ఈ తోట వేశాడు, ఆమె వియోగంలో ఇక్కడే కవిత్వం చెప్పాడు.

గులాం రసూల్‌కు నాటకాల కంపెనీ నుంచి తెచ్చిన జరీ తలపాగా, ముఖమల్ కోటు తొడిగారు. కార్యక్రమ పట్టిక ప్రకారం "పదకొండు గంటల ఇరవై నిమిషాలకు: వృద్ధ తోటమాలి జ్ఞాపకాలు." కోటు చంకల్లో బిగుసుకున్నా అతడు పట్టించుకోలేదు. చెప్పవలసిన మాటలు వారం రోజులుగా సకీనా ముందు వల్లెవేసుకుంటున్నాడు.

దారిలో ఒక డేరా. అందులో నవాబుగారి వస్తు ప్రదర్శన. ఎర్ర ముఖమల్ గుడ్డ మీద, గాజు పెట్టెలో ఒక పాత్ర. కింద చీటీ: "బేగం గారు పన్నీరు చిలకరించుటకు వాడిన సత్తు పాత్ర. అడుగున సూక్ష్మ రంధ్రముల పనితనము గమనింపదగినది."

జనం వెనక నిలబడిన సకీనా మునివేళ్ల మీద లేచి చూసి గావుకేక పెట్టింది. "యా అల్లా! గది నా బిందె! నా బిందె నాకియ్యున్రి!"

అందరూ వెనక్కి తిరిగారు. చలపతిరావు గారు ఒక్క క్షణమే తడబడ్డారు. "నాలుగు తరాలుగా ఈ తోటను సేవించిన కుటుంబం. బేగంగారి పాత్ర చూడగానే ఆమె గుండె చెరువైంది." కొందరు స్త్రీలు కళ్లు ఒత్తుకున్నారు. ఫొటోగ్రాఫరు సకీనా ఏడుపును రెండు కోణాల నుంచి తీశాడు.

పదకొండు ఇరవైకి అందరూ బావి చుట్టూ చేరారు. వానలు బాగా పడిన ఏడు కావడంతో నీళ్లు పై నుంచి మూడో మెట్టు దాకా ఉన్నాయి. తేనె రంగులో, మీద సన్నని నురగతో. గులాం రసూల్ డైరెక్టరు గారికి సలాం చేసి నోరు విప్పాడు.

"సాబ్, మా అబ్బా గీ నీళ్లు తాగి డెబ్బై ఏండ్లు బతికిండు. రెండేండ్ల సంది మీ ఫ్యాక్టరీ మోరీ గిండ్లనే పడుతున్నది. మల్లెలు సచ్చినయ్. జామ సచ్చింది. మీరు సూసిన మామిడాకులకు రంగేసిన్రు సాబ్, చేతులు పెట్టి సూడున్రి. ఆ డేరల బిందె మా ఇంటిది, గీ నీళ్లకే దానికి బొక్కలు వడ్డయ్. నాకు పైసలొద్దు, గీ కోటొద్దు. ఆ మోరీ ఒక్కటి అటు మళ్లించున్రి. మా అబ్బా పెట్టిన సంపెంగ ఒక్కటే మిగిలింది. దాన్ని బతకనియ్యున్రి."

చెప్పి, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. గడ్డం మీదికి కన్నీళ్లు కారాయి.

వెంటనే చప్పట్లు. ఇనుప టోపీల మీద కూడా చరిచి చప్పుడు చేశారు. డైరెక్టరు గారు ముందుకు వచ్చి గులాం రసూల్ వీపు తట్టారు. "ఎంత సహజంగా చెప్పాడయ్యా! కళ్లకు కట్టినట్టుంది. ఈ మనిషిని వదలకండి."

గులాం రసూల్ మోరీ వైపు చెయ్యి చూపించబోయాడు. అంతలో జరగవలసింది జరిగింది.

కమలాకుమారి గారు చిన్నతనం నుంచి గోదావరి వంతెన మీద రైలు పోతున్నప్పుడల్లా కిటికీలోంచి నాణెం వేసి దండం పెట్టుకున్న మనిషి. ఇన్ని నీళ్లు ఒక్కచోట కనబడేసరికి చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది. "గంగమ్మ తల్లీ!" అని ఒక ఐదు పైసల బిళ్ల బావిలో వేశారు. అది నాలుగో మెట్టు మీద ఆగింది. ఆగి, కాసేపటికి సుయ్యిమంది. దాని చుట్టూ తెల్లటి బుడగలు పుట్టి, గలగలా పైకి లేచాయి.

"నవ్వింది!" అన్నారు కమలాకుమారి గారు. "బావి నవ్విందండీ!"

నూటయాభై మందీ జేబులు తడుముకున్నారు. ఐదు పైసలు, పది పైసలు, రెండు పైసలు పడుతున్నకొద్దీ బావి పగలబడి నవ్వింది. ఆ గుంపులో కర్మాగారం ప్రయోగశాల అధిపతి నరసరాజు గారు కూడా ఉన్నారు. సత్తు నాణెం, అంటే అల్యూమినియం బిళ్ల, ఏ నీళ్లలో వేస్తే ఎందుకు పొంగుతుందో ఆయనకు అర క్షణంలో తెలిసిపోయింది. అయితే జనరల్ మేనేజరు గారి సతీమణి దండం పెట్టుకున్న చోట రసాయన శాస్త్రం మాట్లాడటం సర్వీసు నిబంధనలకు విరుద్ధం. ఆయన కూడా ఒక పది పైసలు వేసి, కళ్లు మూసుకుని, ప్రమోషను కోరుకున్నారు.

ఆ నెలలోనే సమితి సమావేశమై ప్రతి ఆదివారం సందర్శన జరపాలని తీర్మానించింది. చారిత్రక బావి ఎండిపోయే ప్రమాదాన్ని నివారించడానికి, ఇంతకాలం మట్టిలో ఇంకిపోతూ సగమే చేరుతున్న మోరీ నీరు పూర్తిగా బావిలోకి చేరేలా సిమెంటు కాలువ కట్టించారు. గులాం రసూల్ మూడో అర్జీ మీద "అర్జీదారు కోరినట్లు బావిపై అధికారుల దృష్టి పడినది. ముగించడమైనది" అని రాసి ఫైలు మూసేశారు. బిందె గాజు పెట్టెలోనే ఉంది.

కార్యక్రమ పట్టికలో పదకొండు ఇరవై నుంచి పదకొండు ఇరవై ఐదు వరకు నిజం చెప్పే అవకాశం గులాం రసూల్‌కు ఇప్పటికీ ఉంది. ప్రతి ఆదివారం చెబుతాడు. జనం ఇష్టపడి వింటారు, కొందరు రెండోసారి చెప్పమంటారు. అయితే గేటు మీద ఈ మధ్య ఒక కొత్త వాక్యం చేరింది: "సందర్శకులు తాగునీరు ఇంటినుండి తెచ్చుకొనవలెను." ఎందుకని ఇంతవరకు ఎవరూ అడగలేదు. తెచ్చుకుంటున్నారు.

ఆ వాక్యం వల్ల గులాం రసూల్‌కు ఒక దారి దొరికింది. ట్యాంకరు రావడం మానేసింది కనుక, సందర్శన అయిపోయే వేళకు ఒక బకెట్ పట్టుకుని గేటు దగ్గర నిలబడతాడు. "అమ్మా, మిగిలిన నీళ్లు పొయ్యున్రి. సాబ్, తాగంగ మిగిలినయి గింత పొయ్యున్రి." ఇంటికి పోయేవాళ్లు సీసాల్లోవి, కూజాల్లోవి వంచి పోతారు. ఆదివారానికి ఒక బకెట్టు, బకెట్టున్నర. అది సంపెంగకు చాలుతుంది. రెండు చిగుళ్లు ఆరయ్యాయి, ఆరు పన్నెండయ్యాయి. మొన్న ఉగాదికి ఒక మొగ్గ కూడా వేసిందని సకీనా అంగడిలో అందరికీ చెప్పుకుంది.

కిందటి ఆదివారం ఒక పెద్దమనిషి గేటు దగ్గర ఆగి, ఆ బకెట్లో ఐదు పైసల బిళ్ల వేశారు. చదువుకున్నవారు, మర్యాదస్తులు, కుటుంబంతో వచ్చారు. కాసేపు వంగి చూశారు. బిళ్ల అడుగున చప్పుడు లేకుండా పడుకుంది. పిల్లలు నిరాశపడ్డారు. ఆయన నొచ్చుకుని, సందర్శకుల పుస్తకం తెప్పించుకుని ఇట్లా రాశారు: "గేటు వద్ద బకెట్లోని నీరు బాగుగా లేదు. కమిటీవారు వెంటనే శ్రద్ధ తీసుకొనవలెను."

అధికారులు స్పందించరని అనేవాళ్లకు ఇదే జవాబు. మరునాడు పొద్దున తొమ్మిదికల్లా గులాం రసూల్ చేతిలోని బకెట్ తీసుకుని, దాని స్థానంలో బావి నీళ్లు నింపిన సిమెంటు తొట్టి కట్టించారు. మిగిలిన తాగునీరు అందులోనే పోయాలని బోర్డు కూడా పెట్టారు.

ఫిర్యాదుదారుకు కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం రాయాలని సమితి నిశ్చయించింది. కానీ పుస్తకంలో సంతకం అర్థం కావడం లేదు. మీదేమో ఒకసారి చూసుకోండి.